పదిహేడో తప్పు

కృపానందం పద్దెనిమిదేండ్లు చర్చి సెక్రటరీగ చేసిండు. చూసేటోళ్లు అది దేవుని పని అనుకుంటరు. దేవునితోని ఆయనకు ఎన్నడూ పేచీ రాలే, వచ్చిందంత పాటల బృందంతోనే. ముందు వరుసల పాడే ఇద్దరు ఆడోళ్లకు పదకొండేండ్ల నుంచి మాటల్లేవు. హార్మోనియం ఆయనకు తబలా ఆయన మొఖం చూస్తేనే పడదు. అట్లాంటోళ్లందరిని ప్రతి ఆదివారం ఒక్క పాటలకు తెచ్చి నిలబెట్టిన మనిషి కృపానందం. అందుకే ఫార్మా కంపెనీల ప్యాకింగ్ సూపర్‌వైజర్‌గ రిటైరై, పటాన్‌చెరుల ఇంటిపట్టున ఉండబట్టి, వాట్సాప్‌ల ఒక గ్రూపు పెట్టినప్పుడు, ఇదేం పెద్ద పని అనుకున్నడు.

గ్రూపు పేరు 'కోటలు – కొట్లాటలు'. పాత యుద్ధాల మీద పిచ్చి ఉన్నోళ్లు రెండు వందల పన్నెండు మంది అందుల. వట్టిగ మాట్లాడుడే కాదు, ఆ యుద్ధాలను అట్టమీద ఆడుతరు కూడ. ఒక పటం, పటం నిండ గళ్లు, గళ్లల్ల సైన్యమని పేరు పెట్టిన బిళ్లలు, పాచికలు, ఇంత మందం నియమాల పుస్తకం. చదరంగమే గని, చదరంగంల గుర్రానికి గడ్డి వెయ్యనక్కరలేదు. ఈ ఆటల వెయ్యాలె. వెయ్యకపోతే గుర్రం సస్తది, గుర్రం ఏ లెక్కన సచ్చిందని నాలుగు దినాలు గ్రూపుల పంచాయితీ నడుస్తది.

ఇట్ల గొడవపడేటోళ్లు ఒకల మొఖం ఒకలు చూసింది లేదు. మొఖం చూడకపోతే మనిషికి ఎంత ధైర్యమొస్తదో కృపానందానికి అప్పటిదాంక తెల్వదు. పాటల బృందంల మాటల్లేనోళ్లు కనీసం ఎదురుపడితే పక్కకు జరిగిపోతరు. ఈడ ఒకాయన అర్ధరూపాయంత ముచ్చటకు ఇంకొకాయన ఏడు తరాలను తవ్వి తీస్తడు.

ఈ తవ్వుడుల అందర్ల తోపు నవీన్‌కుమార్. వయసు ముప్పై దాటింది. ఉండేది కొల్లూరు డబుల్ బెడ్‌రూం కాలనీల, తొమ్మిదో అంతస్తు. పాశమైలారంల బేరింగుల కంపెనీల క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. పొద్దంత గేజీ పట్టుకొని బేరింగులు కొలుసుడు, వెంట్రుకంత తేడా ఉన్నా తీసి ఎర్ర డబ్బాల పడేసుడు, ఇదీ ఆయన నౌకరి. ఇంటికొచ్చినంక గ్రూపు తెరిచి అదే పని మనుషుల మీద చేస్తడు. ఫోటో ఉండాల్సిన కాడ ఒక ఫిరంగి బొమ్మ పెట్టుకున్నడు.

ఒకనాడు లక్డారం కిష్టప్ప గ్రూపుల ఇరవై రెండు పేజీల వ్యాసం పెట్టిండు. కిష్టప్ప వ్యవసాయదారుడు, యాభై ఐదేండ్ల మనిషి. డిగ్రీల చరిత్ర చదివి, పొలంల పెసర్లేసి, పెసర్ల నడుమ కూసొని చరిత్ర చదువుకునే రకం. వ్యాసం యుద్ధంల ఏనుగుల మీద. ఏనుగు దినానికి ఎంత మేస్తది, ఎంత దూరం నడుస్తది, ఎన్ని బాణాలు దిగితే వెనక్కి తిరిగి సొంతోళ్లనే తొక్కుతది, అన్నీ రాసిండు. రెండేండ్లు రాసిండట.

నవీన్‌కుమార్ ఒక్కటే ముక్క రాసిండు. "ఈ వ్యాసంల ఏనుగు ఒక్కటే నిజం. మిగిలింది అది వేసిన పేడ."

ఎనభై నాలుగు మంది పండ్లికిలించే బొమ్మలు పెట్టిన్రు. బువ్వల యాళ్లకు మూడు వందల నలభై మెసేజులు. సగం మంది కిష్టప్ప దిక్కు, సగం మంది పేడ దిక్కు. కిష్టప్ప మాత్రం మళ్ల ఒక్క ముక్క రాయలే. అది చూసి కృపానందం ఆ సాయంత్రమే గ్రూపుల కొత్త నియమం పెట్టిండు. 'మూడు పువ్వులు, ఒక ముల్లు.' ఎవరి రాతనన్న తప్పు పట్టాలంటే ముందు మూడు మంచి మాటలు చెప్పాలె, అటెన్క ఒక్క తప్పు. తప్పితే గ్రూపుల నుంచి తీసేస్తం.

నవీన్‌కుమార్ ఆ నియమాన్ని మంచిగ పాటించిండు. జహీరాబాద్ వకీలు ఒకాయన పాత కత్తి మీద నాలుగు పేజీలు రాస్తే, కింద ఇట్ల పెట్టిండు. "ఫోటో మంచిగొచ్చింది. శీర్షిక కింద గీత సక్కగ గీసిన్రు. ఇదంత ఇంట్ల చదివి వినిపించినా మీ ఇంటోళ్లు మిమ్మల్ని ఇంకా బయటికి నూకలేదంటే వాళ్లు చాల మంచోళ్లు. మూడు పువ్వులు అయిపోయినయి. ఇగ ముల్లు." ముల్లు ఒక్కటే, కాకపోతే దానికి ఎనిమిది కొమ్మలున్నయి.

కృపానందం ఆయనను తీసేసిండు. ఒక్క బొత్తం ఒత్తుడే. పాటల బృందం నుంచి ఎవరిని తీసెయ్యలేక పద్దెనిమిదేండ్లు పడ్డ తిప్పలంత ఒక్క వేలితోని పోయినట్టు అనిపించింది ఆయనకు.

ఆనాటి సంది గ్రూపు గులాబ్‌జామూన్ లెక్క అయింది. పొద్దుగాల లేస్తే ఫిరంగి మీద గులాబీ పెట్టి 'శుభోదయం'. ఎవరేం రాసినా 'సూపర్ సార్', 'అద్భుతం అన్నా', రెండు చేతులు జోడించిన బొమ్మ. ఒక పిలగాడు పానిపట్టు యుద్ధాన్ని ఒరిస్సాల పెట్టి రాస్తే, దానికి కూడ ముప్పై ఒక్క దండాలు వచ్చినయి.

ఇదే అదును అనుకొని కృపానందం తన ఆటను బయటికి తీసిండు.

నాలుగేండ్ల నుంచి చేస్తున్న ఆట అది. పేరు 'గోల్కొండ ముట్టడి'. పదహారు వందల ఎనభై ఏడుల ఔరంగజేబు ఎనిమిది నెలలు కోట చుట్టు కూసున్నడు గదా, అదే. పటాన్ని పటాన్‌చెరుల బర్త్‌డే బ్యానర్లు కొట్టే ఫ్లెక్సీ దుకాణంల ప్రింట్ తీయించిండు. దుకాణపోడు అలవాటు చొప్పున నలుదిక్కుల బెలూన్లు పెట్టబోతే ఆపిచ్చిండు. బిళ్లలకు తను పనిచేసిన కంపెనీ మందు సీసాల మూతలు, తెల్లయి కోటోళ్లు, నీలివి మొగలులు. నియమాలు ముప్పై ఒక్క పేజీ, స్వయంగ టైపు కొట్టిండు. ఎవరన్న ఇంట్ల ప్రింట్ తీసుకొని ఆడుకునేటట్టు ఫైలు తయారుచేసి గ్రూపుల పెట్టిండు. పెట్టి, పరీక్ష రాసిన పోరని లెక్క ఫోన్ ముందల కూసున్నడు.

నూట నలభై మూడు మంది మెచ్చుకున్నరు. 'తెలుగోళ్లు గర్వపడాలె సార్' అన్నరు. అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్ల ఉండే రమ్యశ్రీ, హైటెక్ సిటీల సాఫ్ట్‌వేర్ నౌకరి చేసే పిల్ల, పెద్ద పేరానే రాసింది. "అంకుల్, ముఖ్యంగా గుర్రపు దళం దాడి చేసే ఘట్టం ఒళ్లు గగుర్పొడిచింది."

కృపానందం భార్య సౌభాగ్యమ్మ చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నది. ఆమెకు చదివి వినిపిచ్చిండు. ఆమె అడిగింది: "మీ ఆటల గుర్రాలున్నయా?"

"లేవు. అది ముట్టడి. గుర్రాలు గోడెక్కుతయా ఏంది."

"మరి ఆ పిల్ల ఏం చదివింది?"

కృపానందం ఫోన్ జేబుల పెట్టుకున్నడు. వారం ఆగి గ్రూపుల అడిగిండు, ఎవరన్న ఆడిన్రా, ఏమన్న సందేహాలున్నయా అని. 'తప్పకుంట ఆడుతం సార్' అని అరవై మంది. రెండో వారం అడిగితే నలభై మంది. మూడో వారం అడుగబుద్ధి కాలే. నూట నలభై మూడు పువ్వులు దండ గుచ్చి ఫోటోకు వేసినట్టే అయింది ఆయన పని. ఫోటోలున్నోడు బతికే ఉన్నడన్న సంగతి ఎవరికీ పట్టలే.

నాలుగో వారం నేరుగ ఆయన నంబరుకే ఒక మెసేజ్ వచ్చింది. ఫిరంగి బొమ్మ.

"సార్, నన్ను తీసేసిన్రు కాబట్టి పువ్వులు పెడతలేను. మీ ఆటల పదిహేడు తప్పులున్నయి.

ఒకటి. ఒక్కో మూత ఐదు వందల మంది అన్నరు. గేటు గడిల మూడు మూతలు పడతయన్నరు. ఒక్క గేటుల పదిహేను వందల మంది. అది కోట గేటా, పటాన్‌చెరు బస్టాండా?

రెండు. ఆరో పేజీల నెలకు రెండు బస్తాల తిండి. పదకొండో పేజీల మూడు. మూడో బస్తా ఎవరు తెచ్చిన్రు?

మూడు. మొగలులు సొరంగం తవ్వి తుపాకిమందు పెడితే మీ ఆటల ప్రతిసారి కోట గోడే పేలుతది. అసలుకు అది తవ్వినోళ్ల నెత్తినే పడ్డది. చరిత్ర చదివే రాసిన్రా?

నాలుగు. పేజీ పద్నాలుగు ప్రకారం ఏనుగు గోడెక్కుతది."

ఇట్ల పదహారు. ఆఖరుది పొట్టిగ ఉండె.

"పదిహేడు. గేటు తెరుచుకోదు. ఎనిమిదిసార్లు ఆడినం. తెరుచుకోదు."

కృపానందం మొఖం ఎర్రబడ్డది. బీపీ గోలీ పొద్దుగాలనే వేసుకున్నడు, మళ్ల వేసుకుందామా అని డబ్బా తీసిండు. సౌభాగ్యమ్మ డబ్బా గుంజుకొని లోపల పెట్టి, ఫోన్ అందుకొని మొత్తం చదివింది. పైనుంచి కిందికి రెండుసార్లు.

"మర్యాద లేనోడు," అన్నడు కృపానందం.

"లేదు," అన్నది ఆమె. "కని ఈ పిలగాడు మీ ఆట ఆడిండు. ఎనిమిదిసార్లు. నూట నలభై మూడు మంది మెచ్చుకున్నరు, ఒక్కడు ఆడిండు. ఆ ఒక్కడినే మీరు బయటికి నూకిన్రు."

"ఏనుగు గోడెక్కుతదని నేను రాసిన్నా అసలు?"

ఇద్దరు కలిసి పేజీ పద్నాలుగు తీసి చూసిన్రు. 'ఏ దళమైనా నిచ్చెన ఉన్న గడి నుంచి గోడ ఎక్కవచ్చు' అని ఉన్నది. ఏనుగు కూడ దళమే. సౌభాగ్యమ్మ పైట అడ్డం పెట్టుకొని నవ్వింది. నిచ్చెనెక్కే ఏనుగు కండ్లల్ల మెదిలి కృపానందానికి కూడ నవ్వొచ్చింది గని, బింకం పోతదని దగ్గినట్టు చేసిండు.

పదిహేడోది మాత్రం అబద్ధమని చూపిస్తనని పటం పరిచిండు. భార్యను కోటల కూసోబెట్టి, తను మొగలై, రెండు దినాలల్ల ఐదుసార్లు ఆడిండు. గేటు తెరుచుకోవాలంటే మూడు పాచికలకూ ఆరు పడాలె, అదీ వరుసగ రెండుసార్లు. ఒక్కసారన్న పడలే. ఐదుసార్లూ ఔరంగజేబు ఉత్త చేతులతోని ఢిల్లీ దిక్కు పోయిండు.

అప్పుడు కృపానందానికి ఇంకో మాట తట్టింది. 'ఆడినం' అన్నడు. ఇద్దరుంటేనే ఈ ఆట. ఆ రెండో మనిషి ఎవరు?

మెసేజ్ పెట్టి అడిగిండు. జవాబు వచ్చింది: "ఆదివారం లక్డారం రండి సార్. కిష్టప్ప కాక ఇంటికాడ ఆడుతం."

కృపానందం కండ్లద్దాలు తీసి, తుడిసి, మళ్ల చదివిండు. ఎవరి కోసమని నియమం పెట్టి నవీన్‌కుమార్‌ను బయటికి పంపిండో, ఆ కిష్టప్ప ఇంట్లనే.

ఆదివారం ఆరాధన కాంగనే, చర్చి బట్టలు మార్చకుంటనే, ఇద్దరు స్కూటర్ ఎక్కిన్రు. సౌభాగ్యమ్మను ఎవరూ రమ్మనలే. "ఆ పేడ పిలగాన్ని నేను చూడాలె," అని తనే ఎక్కి కూసున్నది.

కిష్టప్ప ఇంటి పక్కన రేకుల షెడ్డు. ట్రాక్టర్‌ను ఎండల నిలబెట్టి, షెడ్డు నీడల రెండు బల్లలు కలిపి పటం పరిచిన్రు. కంపెనీ ప్రింటర్ మీద తీసిన ముప్పై ఆరు కాయితాలను అంటిచ్చి చేసిన పటం అది. బిళ్లలకు నవీన్‌కుమార్ కంపెనీల పనికిరాదని పడేసిన బేరింగులు. కృపానందాన్ని చూడంగనే సన్నగ ఉన్న ఒక మనిషి, మెడదాంక బొత్తాలు పెట్టుకున్నోడు, దిగ్గున లేసిండు. మోకాలు తాకి మొగల్ సైన్యమంత దొర్లి కింద పడ్డది.

"నమస్తే సార్. నమస్తే అమ్మా. ఆట మస్తుంది సార్," అన్నడు నవీన్‌కుమార్ నేల చూసుకుంట.

కృపానందం దారి పొడుగుత మాటలు తయారుచేసుకొని వచ్చిండు. అన్నీ ఉత్తగ పోయినయి. "పదిహేడు తప్పులన్నవ్ గదా."

"అవి చిన్నయి సార్."

"ఏనుగు గోడెక్కుతదన్నవ్."

"ఎక్కనీయుండ్రి సార్. ఏమైతది."

"మరి గేటు?"

"గేటు కూడ... మంచిగనే ఉంది సార్. రంగు మంచిగుంది."

సౌభాగ్యమ్మ కిష్టప్ప దిక్కు చూసింది. కిష్టప్ప తుండుగుడ్డతోని మొఖం తుడుసుకున్నడు.

"గీయన గింతే అమ్మా. మనిషి ముందట ఉంటే నోట్లెకెళ్లి మాట ఎల్లదు. మీరు గ్రూపుల నుంచి తీసేసినంక నేనే ఫోన్ చేసి రమ్మన్న, మీ ఆట ఫైలు వచ్చినంక అదీ పంపిన. మొదటి మూడు వారాలు ఆ గోడ అవతల కూసొని ఫోన్లనే కొట్లాడిండు నాతోని."

"మిమ్మల్ని అన్ని మాటలన్నోన్ని మీరే పిలిసిన్రా?" అన్నడు కృపానందం.

"కోపం లేదా అంటే ఉండె సార్. పేడ అన్నందుకు రెండు దినాలు బువ్వ తినలే. కని గ్రూపుల నా తరఫున కొట్లాడినోళ్లు ఎవరన్న వ్యాసం చదివిన్రేమో అని ఒక్కొక్కరినే అడిగిన. ఒక్కరు చదువలే సార్. పేరు చూసి కొట్లాడిన్రు. ఈ పిలగాడు ఇరవై రెండు పేజీలు చదివిండు. పందొమ్మిదో పేజీ కింద అచ్చుతప్పు కూడ పట్టిండు. మనం రెండేండ్లు రాసింది ఆఖరుదాంక చదివినోడు ఒక్కడే ఉంటే, వాడు తిట్టినా వాన్నే పిలుస్తం గదా."

కృపానందం బల్ల పక్కన కుర్చీ గుంజుకొని కూసున్నడు.

ఉపాయం సౌభాగ్యమ్మనే చెప్పింది. "బాబూ, నువ్వు పొయ్యి ఆ ట్రాక్టర్ వెనుక కూసో. అక్కడినుంచి రాయి. నేను చదువుత."

నవీన్‌కుమార్ బతికిపోయిన అన్నట్టు ఉరికిండు. ట్రాక్టర్ పెద్ద చక్రం వెనుక ఆయన మోకాళ్లు మాత్రం కనపడుతున్నయి. నిమిషంల కృపానందం ఫోన్ మోగింది. సౌభాగ్యమ్మ అందుకొని, ఆదివారం చర్చిల వాక్యం చదివే గొంతుతోని, ఆగాల్సిన కాడ ఆగుకుంట చదివింది.

"రెండవ తప్పు. తిండి నియమము చెత్త. ఆరవ పేజీలో రెండు బస్తాలనియు, పదకొండవ పేజీలో మూడు బస్తాలనియు చెప్పబడెను. ఇట్టిది రాసినవాడు ఎన్నడైనను వంటగదిలోనికి వెళ్లెనా?"

"అట్ల రాసిండా?" అన్నడు కృపానందం.

"చెత్త అనేది ఆయనది. మిగిలింది జెర నేను సరిజేసిన. వంటగది మాట మాత్రం ఆయనదే, అది నిజం కూడ."

"అది టైపింగ్ తప్పు," అని ట్రాక్టర్ దిక్కు గట్టిగ అన్నడు కృపానందం. ఫోన్ మోగింది. "టైపింగ్ తప్పు అయితే ఆటల కోటోళ్లు ఎందుకు బతికిన్రు?" నిజమే. మూడో బస్తా ఉండబట్టే ఐదుసార్లూ కోట నిలబడ్డది. కృపానందం జేబుల పెన్ను తీసి పదకొండో పేజీల మూడు కొట్టేసి రెండు రాసిండు.

అట్ల జొన్నరొట్టె, కోడికూర వచ్చేదాంక తొమ్మిది తప్పులు, తిన్నంక ఏడు. కొన్ని కృపానందం ఒప్పుకున్నడు, కొన్నిటికి ఎదురు తిరిగిండు. ఐదో తప్పు కాడ నవీన్‌కుమారే తప్పని తేలింది. ఫిరంగి దూరాన్ని గజాలల్ల చెప్తే ఆయన మీటర్లనుకున్నడు. ట్రాక్టర్ వెనుకనుంచి చాలసేపు ఏ మెసేజ్ రాలే. అటెన్క "సరే" అని ఒక్కటి వచ్చింది. ఆ 'సరే' చదివినప్పుడు కృపానందానికి అయిన సంతోషం నూట నలభై మూడు సూపర్లకు కాలే.

ఏనుగు కాడ కిష్టప్ప కూడ దిగిండు. ఏనుగు నిచ్చెనెక్కదు గని గేటును గుద్దుతదని, గేటుకు మేకులుంటే గుద్దదని, వాళ్లిద్దరు తన్నుకుంటుంటే కృపానందం గమ్మున కూసొని ఇన్నడు. గ్రూపుల అయితే బొత్తం మీదికి వేలు పోతుండె. ఈడ మాత్రం కుర్చీ ముందలికి జరుపుకున్నడు.

పదిహేడో దాని కాడ ఫోన్ల ఇట్ల వచ్చింది. "గేటు సంగతి ఫోన్ల రాయను సార్."

నవీన్‌కుమార్ ట్రాక్టర్ వెనుకనుంచి లేసి వచ్చిండు. ప్యాంటుకు అంటిన దుమ్ము దులుపుకోలే. బల్ల కాడ నిలబడి, కృపానందాన్ని కాకుంట పటంల గేటు బొమ్మను చూసుకుంట మాట్లాడిండు. గొంతు సన్నగ ఉంది.

"సార్, మీరు చెప్పినట్టు పాచికలు పడాలంటే నలభై ఆరు వేల ఆరు వందల యాభై ఆరు సార్లు వేస్తే ఒకసారి పడతయి. ఔరంగజేబు తొంభై ఏండ్లకు దగ్గర బతికిండు, గాయనకు కూడ సరిపోదు. మీకు లెక్కలు రాక కాదు సార్. మిగిలిన పదహారు పొరపాట్లు. ఇది పొరపాటు కాదు. మీకు ఆ గేటు తెరవబుద్ధి కాలే. తెరుచుకోకుంట చేసి, దాన్ని నియమం అని రాసిన్రు."

నవీన్‌కుమార్ ఆ గేటు మీద వేలు పెట్టిండు.

"ఎనిమిది నెలలు లోపల తిండి లేకుంట, బయట తిండి లేకుంట, ఫిరంగులతోని కానిది, సొరంగంతోని కానిది, లోపలోడు ఒకడు తలుపు తీస్తే అయింది. అది లేకపోతే ఆ ముట్టడి ఎందుకు చెప్పుకోవాలె సార్. మీ ఆటల అందరు మంచోళ్లే ఉన్నరు. అందుకే ఎవరూ ఆడుతలేరు."

కృపానందానికి మొదట కోపమే వచ్చింది. అటెన్క సిగ్గు. పెన్ను బల్ల మీద పెట్టి అన్నడు: "నేను అందర్ని సర్ది ఒక్కకాడ నిలబెట్టే మనిషిని. జీవితమంత అదే చేసిన. లోపలోడే తీసిండని రాయనీకి చెయ్యి రాలే. నాలుగేండ్లల్ల ఎన్నిసార్లు మొదలువెట్టినా పాచికలు పెంచుకుంటనే పోయిన."

"తెలుస్తనే ఉంది సార్," అన్నడు నవీన్‌కుమార్. "మొదలు ఒక పాచిక అని రాసి కొట్టేసినట్టున్నరు. ఫైలుల అది మిగిలిపోయింది."

సౌభాగ్యమ్మ గిన్నెలు పక్కకు జరిపింది. "అయితే ఇప్పుడు రాయుండ్రి."

నలుగురు కూసొని పొద్దు వంగేదాంక రాసిన్రు. పాచికలు తీసేసిన్రు. కృపానందం ఇంటినుంచి తెచ్చిన మూతలు తీసిండు, కోటల ఐదుగురు సర్దార్లు, ఐదు తెల్ల మూతలు. మొగలు దిక్కు ఆడేటోడు మొదట్లనే ఒక చీటీ మీద ఒక సర్దారు పేరు రాసి మడిచి పెట్టుకోవాలె. వాడు అమ్ముడుపోయినోడు. కోటోళ్లకు వాడు ఎవరో తెల్వదు. నెలనెలా ఉన్న తిండిని కోట దిక్కు ఆడేటోళ్లే పంచాలె. ఆ సర్దారుకు వరుసగ రెండు నెలలు కడుపు మాడిందా, గేటు తెరుస్తడు. ఎవరికి వెయ్యాలె, ఎవరిని పస్తు పెట్టాలె అన్నది కోటోళ్ల తలనొప్పి.

మొదటి ఆట కోటల సౌభాగ్యమ్మ, బయట కృపానందం. ఆమె చర్చి విందుల మూడు వందల మందికి వడ్డించిన మనిషి. నాలుగు నెలలు లోటు రాకుంట అందరికీ సమానంగ పంచింది. ఐదో నెల బస్తాలు తక్కువ పడ్డయి. పెద్ద గేటు కాడి సర్దారు నమ్మకస్తుడు గదా, ఓర్చుకుంటడని వాని వంతు పక్కోనికి వేసింది. ఆరో నెల కూడ అంతే.

కృపానందం చీటీ విప్పి బల్ల మీద పెట్టిండు. పెద్ద గేటు సర్దారే. నీలి మూతలు గేటుల నుంచి ఒక్కొక్కటే లోపలికి జరుపుతుంటే పద్దెనిమిదేండ్ల సెక్రటరీ మొఖంల ఒక నవ్వొచ్చింది. చర్చిల ఎవరూ చూడని నవ్వు. ఆపుకుందామన్నా ఆగలే.

"నేను వాన్ని నమ్మిన," అన్నది సౌభాగ్యమ్మ.

"అందుకే వాన్ని కొన్న."

ఆమె చీటీని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. "మీరు మొదటి నెలనే రాసి పెట్టుకున్నరు. నాతోని నవ్వుకుంట మాట్లాడుకుంటనే కూసున్నరు ఆరు నెలలు."

"ఆట గదా సౌభాగ్యం."

"ఆటనే," అన్నది. పటాన్‌చెరు వచ్చేదాంక స్కూటర్ వెనుక భుజం మీద చెయ్యి వెయ్యకుంట, సీటు అంచు పట్టుకొని కూసున్నది. ఇల్లు చేరినంక తాళం తీసుకుంట అన్నది, వచ్చే ఆదివారం తను కోట బయట కూసుంటనని.

గ్రూపుల కృపానందం మూడు పువ్వుల నియమం ఎత్తేసిండు. కొత్తది రాయనీకి రెండు దినాలు పట్టింది. 'రాసినదాన్ని ఎంతైన అనుండ్రి. రాసిన మనిషిని, ఇంటోళ్లను, ఊరిని అనొద్దు. అనేటోళ్లు ముందు ఆఖరు పేజీదాంక చదవాలె.' నవీన్‌కుమార్‌ను మళ్ల కలిపిండు. కలిపిన నాలుగో దినమే నవీన్‌కుమార్ జహీరాబాద్ వకీలు కత్తి గురించి మాట్లాడుకుంట ఆయన మీసాల మీదికి పోయిండు. కృపానందం రెండు దినాలు బయట పెట్టిండు. నవీన్‌కుమార్ తిరిగొచ్చి మీసాలకు మాఫీ అడిగిండు, కత్తికి అడగలే. వకీలు కూడ మీసాల వరకే కోపం తీసేసుకున్నడు.

కొత్త ఆట ఫైలు పెట్టినప్పుడు సూపర్‌లు పదకొండే వచ్చినయి. రమ్యశ్రీ ఇట్ల రాసింది. "అంకుల్, పోయినసారి నేను ఫైల్ తెరవలే. సారీ. ఈసారి తెరిచిన. మూడో పేజీ నాకేం అర్థం కాలే, మా ఫ్లాట్ల ఇంకో ముగ్గురికి చూపిస్తే వాళ్లకీ కాలే." కృపానందం మూడో పేజీ తిరగరాసి ఆమెకే ముందు పంపిండు. ఆమె మళ్ల అర్థం కాలే అన్నది. మూడోసారికి అయింది.

వానలు మొదలైన వారంల మంజీర ఒడ్డునుంచి ఎవరో తెలియని మనిషి, ఫోటో లేదు, పేరు స్థానంల ఒక చుక్క, గ్రూపుల చేరంగనే రాసిండు. "ఈ ఆట చేసినోడు వానకాలం మంజీరను చూసిండా? నది ఇటు ఒడ్డు నుంచి అటు ఒడ్డుదాంక పొంగుతుంటే, జూలై నెలల ఆయన ఆటల మొగలుల ధాన్యం బండ్లు ఔటర్ రింగ్ రోడ్డు మీద పోయినట్టు పోతున్నయి."

కృపానందం చదివిండు. చెవులు వేడెక్కినయి. జవాబు టైపు చేసి, చెరిపేసి, ఫోన్ బోర్లపెట్టిండు. అటెన్క లేసి పటం పరిచి, జూలై గడి కాడ వేలు పెట్టి, నది దాటే దారులు ఎన్నున్నయో ఒక్కొక్కటే చూడబట్టిండు.